ముందు నోటికి రావాలి, తర్వాతే చేతికి

పోయిన నెల ఒక పాఠకురాలు "ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు కాకుండా మీకంటూ ఏమైనా చేసుకుంటారా?" అని అడిగితే, శాన్ హోసేలో ఒక చిన్న బృందంతో 11 ఏళ్ళుగా జపాన్ డోళ్ళు వాయిస్తున్నాననీ, 4 ఏళ్ళుగా బుధవారం సాయంత్రాలు కొత్తవాళ్ళకి నేర్పిస్తున్నాననీ రెండు ముక్కలు రాసి వదిలేశాను. ఆ రెండు ముక్కలకి వచ్చినన్ని ఉత్తరాలు అత్తాకోడళ్ళ గొడవల మీద రాసినప్పుడు కూడా రాలేదు. సరే, ఈసారి మొత్తం డోళ్ళే. పొడుగ్గా ఉన్న ఉత్తరాలు కొంచెం కుదించాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, దీన్ని టైకో అనాలా, తైకో అనాలా? ఒకచోట దైకో అని కూడా చూశాను. (విజయవాడ)

తైకో. జపాన్ వాళ్ళ 'త' మన 'త' లాగే పళ్ళకి తగులుతుంది, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనమే దాన్ని 'ట' చేసుకున్నాం. ఇక దైకో ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ మాట ఇంకో మాట వెనక చేరినప్పుడు 'త' కాస్తా 'ద' అయిపోతుంది. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టే కుమి, తైకో కలిసి కుమిదైకో. గసడదవాదేశ సంధి జీవితంలో ఎందుకు పనికొస్తుందిరా బాబూ అని స్కూల్లో తిట్టుకున్నదాన్ని, అలాంటిదే జపాన్ వాళ్ళ దగ్గర కనబడేసరికి మా తెలుగు మాస్టారికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. కుమిదైకో అంటే రకరకాల సైజుల డోళ్ళు పెట్టుకుని బృందంగా వాయించడం. ఈ పేజీలో నేను మాట్లాడేదంతా దాని గురించే.

ప్రశ్న: అక్కా, నాకు 47. ఫ్రీమాంట్‌లో ఉంటాం. మూడు నెలల కిందట ఒక కమ్యూనిటీ బృందంలో చేరాను. మనసులో 1, 2, 3, 4 లెక్కపెట్టుకుంటూ వాయిస్తుంటే ఎక్కడో జారిపోతున్నా, ఇక అక్కణ్ణుంచి కర్రలు గాల్లో పెట్టుకుని నిలబడ్డమే. పక్కన ఉండే కాలేజీ అమ్మాయి రెండోసారికే పట్టేస్తోంది. పైగా వాయించాక రెండ్రోజులు భుజం లేవదు. శనివారం వస్తోందంటేనే టెన్షన్. మానేయనా?

మానేయొద్దు. ముందు ఆ లెక్కపెట్టడం ఆపండి. జపాన్‌లో డోలు పాఠాన్ని నోటితో చెప్పుకుంటారు, దానికి కుచి షోగా అని పేరు, కుచి అంటే నోరు. పెద్ద డోలు మధ్యలో గట్టిగా ఒక దెబ్బ వేస్తే అది 'దోన్'. అక్కడే వెంటవెంటనే రెండు చిన్న దెబ్బలు 'దొకొ'. అంచు మీద కొడితే 'క', అంచు మీద గబగబా రెండైతే 'కర'. షిమెదైకో అని తాళ్ళతో బిగించిన చిన్న డోలు ఉంటుంది, దాని గొంతు సన్నం కాబట్టి దానికి 'తెన్', 'తెకె'. దెబ్బ లేనిచోట కూడా 'సు' అని ఒక అక్షరం పెడతారు, అంటే ఖాళీని కూడా నోటితో పలికి మరీ దాటతారు. మృదంగం క్లాసు జరిగే ఇంటి వరండాలో చెప్పుల దగ్గర కూర్చున్న పిల్లలకి కూడా తకిట తకధిమి నోటికి వచ్చేస్తుంది కదా, ఇదీ అలాంటిదే. 'దోన్ దొకొ దోన్ దొకొ' మీ చెవికి కొత్తగా అనిపిస్తే 'తా తక తా తక' అనుకోండి, నడక ఒకటే.

నేను మొదటి పాట మొత్తం 880 హైవే ట్రాఫిక్‌లోనే నేర్చుకున్నాను. స్టీరింగు మీద వేళ్ళు పెట్టి దోన్ దొకొ అంటుంటే వెనక సీట్లోంచి మా అబ్బాయి "అమ్మా, మళ్ళీ మొదలెట్టావా" అనేవాడు, ఆర్నెల్లకి వాడికీ వచ్చేసింది, కర్ర పట్టకుండానే. ఇప్పుడు నేను నేర్పేటప్పుడు మొదటి 20 నిమిషాలు ఎవరినీ బచి ముట్టుకోనివ్వను (బచి అంటే వాయించే కర్రలు). అందరం గుండ్రంగా నిలబడి నోటితో అంటాం, తర్వాత తొడల మీద అరచేతులతో వేస్తాం, ఆ తర్వాత డోలు దగ్గరికి వెళ్తాం. నోట్లో తడబడిన చోటే చేతిలోనూ తడబడతారు, ఇన్నేళ్ళలో ఇది తప్పడం నేను చూడలేదు.

జారిపోయినప్పుడు కంగారుపడి మధ్యలో ఎక్కడో దూరకండి. నోటితో అంటూనే ఉండండి, చేతులు పైనే ఉంచండి, తర్వాతి వరస మొదటి 'దోన్' దగ్గర ఎక్కండి. కదులుతున్న ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్ళకి దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు, ముందు దాంతోపాటు నాలుగడుగులు పరిగెత్తి తర్వాత కాలు పెడతాం కదా.

భుజం సంగతి. మీరు చేత్తో కొడుతున్నారని ఇక్కణ్ణుంచే చెప్పగలను. రోకలితో దంచేవాళ్ళని చూశారా? పైకెత్తేదాకానే వాళ్ళ బలం, కిందికి దాని బరువుకి అదే పడుతుంది, పడేటప్పుడు పిడికిలి కాస్త సడలుతుంది కూడా. బచిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి, మిగతా మూడు వేళ్ళు ఊరికే చుట్టుకుని ఉండాలి. ఎడమ కాలు ముందుకి, మోకాలు వంచి, కుడి కాలు వెనక్కి చాచి, నడుము కిందికి దించండి, అప్పుడు బరువంతా తొడలు మోస్తాయి. తర్వాతి రోజు నొప్పి భుజంలో కాకుండా తొడల్లో ఉంటే సరిగ్గా నిలబడ్డారని అర్థం. మణికట్టులో పోటు వచ్చినా, వేళ్ళు తిమ్మిరెక్కినా మాత్రం ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఓర్చుకుని వాయించడం గొప్ప కాదు.

ఆ కాలేజీ అమ్మాయికి దూరంగా జరగకండి. ఆమె పక్కనే నిలబడి, ఆమె మోచెయ్యి చూస్తూ వాయించండి.

ప్రశ్న: టోక్యో నిషికసాయ్‌లో ఉంటాం. మా పేట సంఘం వాళ్ళు వేసవిలో బోన్ ఒదోరి అనే పండగ డాన్సు కోసం డోలు నేర్పుతున్నారంటే వెళ్ళాను. నేర్పే పెద్దాయన ఒక్క ముక్క వివరించడు. తను వాయిస్తాడు, కర్రలు నా చేతికిస్తాడు, తప్పితే తీసుకుని మళ్ళీ వాయిస్తాడు. నేను ఆడదాన్ననా, బయటి దేశందాన్ననా?

ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది, కానీ మీరు రాసినదాంట్లో అవమానమేమీ నాకు కనబడలేదు. అక్కడ చాలామంది పాతకాలం గురువులు సొంత మనవళ్ళకైనా అలాగే నేర్పుతారు. చూసి నేర్చుకోవడానికి మినరై అని మాటే ఉంది. మా అమ్మ నాకు ముగ్గు నేర్పలేదు. తను వేస్తుంటే పక్కన గొంతుక్కూర్చునేదాన్ని, ఒకరోజు పాలవాడు కేకేస్తే పిండి గిన్నె నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది, అంతే. మీ పెద్దాయన ఇచ్చే కర్రలు ఆ పిండి గిన్నె.

ఆయన కర్రల కొసలు చూడకండి, కళ్ళకి అందవు. భుజం, ఎడమ చెయ్యి చూడండి. ఇంకో పని, డోలు వదిలేసి ఒకరోజు డాన్సు వాళ్ళతో తిరగండి. బోన్ ఒదోరిలో యగురా అనే మంచె మీద డోలు ఉంటుంది, దాని చుట్టూ జనం గుండ్రంగా తిరుగుతూ ఆడతారు, కింద వాళ్ళ అడుగులు తప్పకుండా చూడటమే పైనున్నవాడి పని. ఆ అడుగు మీ కాళ్ళకి తెలిస్తే దెబ్బ ఎక్కడ పడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వెళ్ళగానే 'యోరోషికు ఒనెగాయ్‌షిమస్' (దయచేసి నేర్పండి అన్నట్టు), వచ్చేటప్పుడు 'ఒత్సుకరెసమా దెషిత' (శ్రమపడ్డారు, థాంక్స్ అన్నట్టు) అనడం మర్చిపోకండి, డోళ్ళు బయటికి తెచ్చే వేళకి చేరుకుని, లోపల పెట్టి తుడిచేదాకా ఉండండి. డోలుని దాటకూడదు, దాని మీద ఫోను, కాఫీ కప్పు లాంటివి పెట్టకూడదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకి ఇది కొత్తేమీ కాదు.

ఆడవాళ్ళ సంగతంటారా, అమెరికాలో తైకో వాయించేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మా బుధవారం క్లాసులో మగవాళ్ళు ఇద్దరే.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో 8 మందిమి మొదలుపెడదామనుకుంటున్నాం. డోళ్ళు లేవు, బడ్జెట్ లేదు, కింద ఫ్లోర్ అంకుల్‌కి అసలే బీపీ. సాధ్యమేనా?

అసలు జపాన్ డోలు కొనాలనుకుంటే ఆ ఆలోచన ఇప్పుడే వదిలేయండి. నగాదో అనే మామూలు పెద్ద డోలుని ఒకే చెట్టు మాను తొలిచి చేస్తారు, మంచివాటికి కెయాకి అనే చెట్టు వాడతారు, ఆవు చర్మం లాగి చుట్టూ మేకులు దిగ్గొడతారు. ఇషికవాలో అసానో అనే డోళ్ళ కంపెనీ 1609 నుంచి ఇదే పని చేస్తోంది. ఒక్క డోలు వేల డాలర్లు. అమెరికాలో మొదలుపెట్టినవాళ్ళకీ ఇదే ఇబ్బంది వచ్చింది. 1969లో లాస్ ఏంజిలెస్‌లోని సెన్షిన్ బౌద్ధ ఆలయంలో పుట్టిన కిన్నర తైకో వాళ్ళు చెక్క పీపాలు తెచ్చుకుని, వాటికి చర్మం బిగించుకుని సొంతంగా డోళ్ళు చేసుకున్నారు. వైన్ పీపాలతో చేసే ఆ పద్ధతి మిగతా బృందాలకీ పాకింది. చర్మం నానబెట్టి, తాళ్ళు కట్టి, కారు టైరు మార్చేటప్పుడు వాడే జాకీతో లాగి బిగించి, మేకులు కొట్టడం. మా దగ్గరున్న డోళ్ళలో సగం అలా చేసినవే, ఒకదాంట్లో తల పెడితే ఇప్పటికీ వైన్ వాసన వస్తుంది.

మీకు అది కూడా వద్దు. మెకానిక్ షెడ్డుకి వెళ్ళి 8 పాత కారు టైర్లు అడగండి, ఊరికే ఇస్తాడు. సబ్బుతో బాగా కడిగి ఆరబెట్టండి. అట్టపెట్టెలకి వేసే వెడల్పాటి ప్లాస్టిక్ టేపు తెచ్చి, టైరు ఒక ముఖం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి గట్టిగా లాగి అంటించండి, కొంచెం తిప్పి మళ్ళీ ఒకటి, సైకిల్ చక్రం పుల్లల్లా. మధ్యలో బొక్క పూర్తిగా మూసుకుపోయి, వేలితో నొక్కితే తిరిగి తన్నేదాకా పొర మీద పొర వేయండి. ఒక్క టైరుకి ఒక పెద్ద చుట్ట అయిపోతుంది, తర్వాత చిరిగినచోట మళ్ళీ అతికించుకోవడమే. స్టూలు మీద పెట్టి వాయించండి. ధన్ అని మోగదు, దబ్ దబ్ అంటుంది, అంకుల్‌కి కూడా అదే మంచిది. కర్రలకి గట్టి చెక్కతో గుండ్రటి పుల్లలు 16 అంగుళాల పొడవు, అంగుళం లావు కోయించి, చివర్లు గరుకు కాగితంతో రుద్దుకోండి. మీలో ఎవరింట్లోనైనా మృదంగం ఉంటే ఈ కర్రల్ని దయచేసి దాని మీద మాత్రం పెట్టకండి.

డబ్బున్న బృందాలు కూడా సాధన ఎక్కువగా టైర్ల మీదే చేస్తాయి. టైరు మోసం చేయదు, పెద్ద డోలు మోతలో మీ తప్పు కలిసిపోతుంది, టైరు మీద ఇద్దరి దెబ్బ కలవకపోతే దబ్ కాస్తా దబదబ అని బయటపడిపోతుంది. ఎప్పుడైనా అసలు డోళ్ళ మధ్యకి వెళ్తే చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, గదిలో ఆరు డోళ్ళు మోగితే సరదాగా ఉండదు.

ప్రశ్న: డాలస్ దగ్గర 14 మంది ఉన్న బృందాన్ని నడుపుతున్నాను. ఒకాయన ప్రతిసారీ స్పీడు పెంచేస్తాడు, చెప్తే ఒప్పుకోడు, మనిషి మంచివాడే. ఇంకో గొడవ, పెద్ద డోలు ఎవరు వాయించాలన్న దాని మీద ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. కేకలు వేయమంటే సగంమందికి సిగ్గు. ఎలా వేగుతున్నారండీ మీరు?

మొదటిదానికి నేను సరైన మనిషినే, ఎందుకంటే మా బృందంలో మొదటి రెండేళ్ళూ ఆ పరిగెత్తేది నేనే. పరిగెత్తేవాళ్ళకి పరిగెత్తుతున్నట్టు తెలియదండీ, నా చెవికి మిగతా అందరూ ఈడుస్తున్నట్టుండేది. "నెమ్మది, నెమ్మది" అని అరిచిన కొద్దీ ఒళ్ళు బిగుసుకుని ఇంకా పెరిగేది. మాకు అప్పట్లో నేర్పిన ఆవిడకి డెబ్బై దాటాయి. ఒక సాయంత్రం నేను వాయిస్తుంటే వెనక నుంచి వచ్చి, ఏమీ అనకుండా నా వెన్ను మీద, రెండు రెక్కల మధ్య అరచెయ్యి పెట్టి తాళం తట్టడం మొదలుపెట్టింది. నా దోన్ పడ్డాక ఎంతోసేపటికి ఆవిడ చెయ్యి పడేది. మొదటిసారి ఆ దూరం నా ఒంటికి తెలిసింది. పాట అయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు. ఇప్పుడు నేనూ అదే చేస్తాను, కాకపోతే ముందు అడిగి.

ఆ స్పీడు పెంచే ఆయనతో ఇంకోటి చేయించండి. వాయిస్తూ నోటితో పైకి అనమనండి. మాట్లాడాలంటే ఊపిరి కావాలి, ఊపిరి తీసుకోవాలంటే ఆగాలి. చాలామంది దెబ్బల దగ్గర పరిగెత్తరు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో పరిగెత్తుతారు. జపాన్ వాళ్ళు ఆ ఖాళీని 'మ' అంటారు, దాన్ని కూడా వాయించాల్సిందిగానే చూస్తారు. అందుకే ఆ 'సు' ని మింగేయకుండా పలికించండి. ఫోన్లో రికార్డు చేసి ఆయనొక్కడికే పంపండి, గ్రూపులో పెట్టకండి. అన్నిటికంటే ముఖ్యం, జి వాయించే పని ఎవరికి ఇచ్చారో చూసుకోండి. జి అంటే కింద ఆగకుండా నడిచే మూల తాళం, మన భజనలో తాళాలు వేసే మనిషిలా. కొత్తవాళ్ళకి సులువని దాన్ని వాళ్ళకి అంటగడతారు, నేనైతే బృందంలో అందరికంటే స్థిమితంగా ఉండే మనిషికి ఇస్తాను, ఆ మనిషికి చేతులు అంత వేగంగా ఆడకపోయినా సరే.

పెద్ద డోలు గొడవకి నా దగ్గర మంచి జవాబు లేదు, మా అనుభవం చెప్తాను. బాగా వాయించినవాళ్ళకే పెద్ద డోలు అని ఒక ఏడాది పెట్టాం, ఆ ఏడాది ముగ్గురు మానేశారు, ఇద్దరు నిజంగా బాగా వాయించేవాళ్ళే. తర్వాత వంతులు పెట్టాం. వ్యాను ఎక్కించే రోజు రానివాళ్ళు ఆ ప్రదర్శనలో ముందు వరసలో నిలబడరని కూడా పెట్టాం. నలభై కేజీల డోలుని మెట్ల మీద నుంచి దింపాక ఎవరికీ అహం మిగలదు. మిగిలినా చప్పుడు చేయదు.

కేకల్ని కకెగోయె అంటారు, 'హా', 'సోరె', 'యో' లాంటివి. అవి అలంకారం కాదు, పక్కవాళ్ళకి ఊపు ఇవ్వడానికి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి. మా దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళు మొదట్లో నోరు విప్పరు. పడవ లాగేవాళ్ళు హైలెస్సా ఎందుకంటారో అడుగుతాను, అందరూ ఒక్కసారి లాగాలి కదా అంటారు, సరే ఇప్పుడు లాగండి అంటాను. మొదటి రోజు హైలెస్సా అనే వాయించిన బ్యాచ్ ఒకటి ఉంది. బాగానే కుదిరింది.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో తైకో పెడదామని ఉంది. యూట్యూబ్‌లో ఒక పాట చూసి నేర్చేసుకున్నాం. 'వేల ఏళ్ళ ప్రాచీన జపాన్ కళ' అని యాంకర్‌తో చెప్పిద్దామా? డ్రెస్సులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

యాంకర్ దగ్గర ఆ కాగితం తీసేసుకోండి. డోళ్ళు పాతవే, గుళ్ళలో, పండగల్లో, నాటకాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ వేదిక మీద పది డోళ్ళు పెట్టుకుని వాయించే ఈ పద్ధతి మన అమ్మమ్మల కంటే చిన్నది. నగానోలోని సువాలో దైహాచి ఒగుచి అని జాజ్ డ్రమ్స్ వాయించే ఆయన, అక్కడి గుడికి సంబంధించిన ఒక పాత డోలు పాఠం దొరికితే, దాన్ని ఒక్కరే వాయించడమెందుకని రకరకాల డోళ్ళకి పంచి 1951లో ఒసువా దైకో అని బృందం కట్టాడు. 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో సెయిచి తనాకా తైకో దోజో అని నేర్పే బడి పెట్టాడు. 1969లో సాదో దీవిలో ఒందెకోజా అనే బృందం మొదలైంది, వాళ్ళు బోస్టన్ మారథాన్ పరిగెత్తి, ఆగీ ఆగగానే డోలు వాయించిన మనుషులు. అందులోంచే 1981లో కొదో అనే బృందం వచ్చింది. (మా బుధవారం బ్యాచ్ పార్కింగు నుంచి నడిచొచ్చేసరికే నీళ్ళు అడుగుతుంది.)

మా ఊరి సంగతి కూడా కొంచెం తెలుసుకోండి. శాన్ హోసే తైకో 1973లో జపాన్‌టౌన్‌లో మొదలైంది, మొదలుపెట్టినవాళ్ళు అమెరికాలో పుట్టిన మూడో తరం పిల్లలు. జపాన్‌తో యుద్ధం వచ్చిందని 1942లో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలున్నవాళ్ళని అమెరికా ప్రభుత్వం నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. వాళ్ళలో మూడింట రెండొంతులు ఈ దేశ పౌరులే. బయటికొచ్చాక చాలామంది తల్లిదండ్రులు జపాన్ వాసన తగలకుండా తలొంచుకుని బతికారు. వాళ్ళ పిల్లలు పెద్దయ్యాక వీధిలో ఇంత పెద్ద చప్పుడు చేయడం ఊరికే సరదాకి కాదు. ఆ బృందాన్ని దశాబ్దాలు నడిపిన రాయ్, పీజే హిరబయాషీ దంపతులకి 2011లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ (జానపద కళాకారులకి ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఇచ్చే గౌరవం) వచ్చింది. ఇదంతా తెలిసినవాళ్ళు మీ ప్రేక్షకుల్లో ఒక్కరున్నా, ఆన్‌లైన్ డ్రెస్సు చూసి ఏమనుకుంటారో ఆలోచించండి. నల్ల ప్యాంటు, ఒకే రంగు టీషర్టు చాలు.

పాట సంగతి. కుమిదైకో పాటల్లో చాలావాటికి రాసిన మనిషి ఉంటాడు, అతను బతికే ఉండొచ్చు కూడా. ఈమెయిల్ పెట్టి అడగండి, చాలామంది ఇస్తారు, పేరు చెప్పమంటారు, కొందరు వచ్చి నేర్చుకోమంటారు. చిచిబు పండగ వాయిద్యం, మియాకె దీవి వాయిద్యం లాంటివి ఒక ఊరివి, అవి ఆ పద్ధతి తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని, ఊరి పేరు చెప్పి వాయించండి. అడిగే ఓపిక లేకపోతే మీరే నాలుగు వరసలు కట్టుకోండి. 'దోన్ దొకొ' మీద ఎవరికీ హక్కు లేదు.

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. మా నాన్న డప్పు కళాకారుడు. తైకో వీడియో చూసి 'ఇది కూడా తోలే కదా, మరి వీళ్ళకింత గౌరవం ఎట్ల వచ్చింది' అన్నాడు. ఏం చెప్పమంటారు?

మీ నాన్నగారిది ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలోకి పెద్దది. ఆయనకి చెప్పండి, అక్కడ కూడా చర్మం పని చేసినవాళ్ళకి ఆ గౌరవం రాలేదు. జంతువుల్ని కోసి, తోలు ఊనేవాళ్ళని జపాన్‌లో తరతరాలు అంటరానివాళ్ళుగా ఊరికి పక్కన పెట్టారు, బురాకు వాళ్ళంటారు. వాళ్ళు బిగించిన డోలు గుళ్ళో మోగేది, వాళ్ళు మాత్రం ఎడంగా ఉండాలి. ఒసాకాలో నానివా అనే పేట పాతకాలం నుంచి తోలు పనికీ డోళ్ళ తయారీకీ పేరున్నది. అక్కడి కుర్రవాళ్ళు 1987లో తామే వాయిస్తామని ఒక బృందం పెట్టుకుని దానికి ఇకారి అని పేరు పెట్టారు. ఇకారి అంటే కోపం. 1994లో మాదిగలు తమ ఉద్యమానికి దండోరా అన్న పేరు ఎందుకు పెట్టుకున్నారో తెలిసిన మీ ఇంట్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

వాయిద్యం మాటకొస్తే తేడాలు చాలానే. డప్పుని మంట దగ్గర కాచి గొంతు తెప్పిస్తారు, మేకులు కొట్టిన నగాదోకి ఆ అవకాశం లేదు, దాని గొంతు దానిదే. తైకోలో రెండు కర్రలూ ఒకేలా ఉంటాయి, డప్పులో సిర్ర లావు, చిటికెన పుల్ల సన్నం, ఆ రెండూ మాట్లాడుకుంటున్నట్టుంటుంది. ఆ సన్నపుల్ల పని నాకు ఇప్పటికీ చేతకాదు, ఒకసారి ప్రయత్నించి నవ్వులపాలయ్యాను.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక మాట. తైకో వర్క్‌షాపుకి డాలర్లు కట్టి, గురువుగారికి వంగి దణ్ణం పెట్టి నేర్చుకుంటాం. ఊరెళ్ళినప్పుడు డప్పు వాయించే ఆయన్ని పెళ్ళి ఊరేగింపుకి పిలిచి, చివర్లో ఎంతో కొంత చేతిలో పెట్టి పంపేస్తాం. రెండూ కలిపి ప్రోగ్రామ్ చేద్దామని నాకు రాసిన ముగ్గురికీ నా షరతు ఒకటే, డప్పు కళాకారుడిని గురువుగా పిలవండి, తైకో గురువుకి ఇచ్చినంత ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మకి 66. ఆరు నెలలకని వచ్చింది, ఇంట్లో ఒక్కతే, సీరియళ్ళు కూడా అయిపోయాయి. క్లాసుకి తీసుకురావచ్చా? చూస్తూ కూర్చుంటుంది. (సన్నీవేల్)

తీసుకురండి, కానీ చూస్తూ కూర్చుంటుందని మాత్రం అనుకోకండి. పోయినేడాది మా దగ్గరికి ఒకావిడ అత్తగారు అలాగే వచ్చారు. గోడ పక్కన కుర్చీలో కూర్చుని, అరగంటయ్యేసరికి చేతిలో కీస్‌తో కుర్చీ పిడి మీద వేస్తున్నారు, పైగా జి తప్పకుండా. అతరిగనె అని చిన్న ఇత్తడి పళ్ళెంలాంటిది ఒకటుంటుంది, లోపలి వైపు చిన్న సుత్తితో కొడతారు, దాని పాఠం 'చన్ చికి చన్ చికి'. అది ఆవిడ చేతిలో పెట్టాం. రెండు నిమిషాలు తిప్పి తిప్పి చూసి, "మా రామాలయంలో తాళాలు వేసేదాన్నమ్మా, ఇదెంత" అన్నారు. తిరిగి ఇండియా వెళ్ళేదాకా మా జి ఆవిడదే.

కుర్చీ మేం ఇస్తాం, ఇయర్‌ప్లగ్స్ కూడా. నీళ్ళ సీసా తెచ్చుకోమనండి. గాజులు తీసి రమ్మని చెప్పి చూడండి. ఆ అత్తగారు ససేమిరా అన్నారు, మోచేతి దాకా జరిపి, టైర్లకి చుట్టే టేపే చుట్టాం.